చంటిపిల్లల లోషన్‌లో ప్రిజర్వేటివ్ ఉంటే తప్పా?

2019 ఏప్రిల్‌లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాలకు లేఖ రాసి, జాన్సన్ అండ్ జాన్సన్ పిల్లల ఉత్పత్తుల నమూనాలు తీసి పరీక్షించమంది. అంతకుముందే రాజస్థాన్ ఔషధ నియంత్రణ అధికారులు ఆ కంపెనీ బేబీ షాంపూ నమూనాల్లో, కొన్ని ప్రిజర్వేటివ్‌ల నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ ఉందన్నారు. కంపెనీ ఆ మాట ఒప్పుకోలేదు. కేంద్ర ప్రయోగశాలలో మళ్లీ చేసిన పరీక్షలో అది లేదని తేలిందని తర్వాత ప్రకటించింది. వివాదం సద్దుమణిగింది గానీ తల్లుల మనసులో భయం మాత్రం మిగిలిపోయింది. కంపెనీలకు అదే పెట్టుబడి అయింది. ‘ప్రిజర్వేటివ్ లేదు’ అన్న ముక్క డబ్బా మీద కనిపిస్తే ధర ఎక్కువైనా కొనేస్తున్నాం. పిల్లల కోసం పడే ఆ తపనను తప్పు పట్టలేం. కానీ ఆ భయం గురి తప్పిందని నా అభిప్రాయం.

లోషన్, క్రీమ్, షాంపూ, తడి వైప్స్, వీటన్నిటిలోనూ ఎక్కువ భాగం నీళ్లే. నీళ్లున్నచోట బ్యాక్టీరియా, బూజు చేరక మానవు. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె వంటి ఊళ్లో ఎండాకాలం నలభై డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడిలో గూట్లో పెట్టిన క్రీమ్ డబ్బాను తలుచుకోండి. బిడ్డకు నీళ్లు పోసిన తడి చేత్తోనే మూత తీసి, రెండు వేళ్లు ముంచి తీస్తారు. ముంచిన ప్రతిసారీ కొన్ని సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. వాటిని పెరగనీయకుండా ఆపడమే ప్రిజర్వేటివ్ పని. 2006లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఒక ఆసుపత్రిలో, ఇంటెన్సివ్ కేర్ (ఐసీయూ) రోగుల ఒంటికి రాసే లోషన్‌లోనే బర్ఖోల్డేరియా అనే బ్యాక్టీరియా చేరి, ఐదుగురికి ఇన్‌ఫెక్షన్ తెచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు అంత ముప్పు రాకపోవచ్చు. ఎగ్జిమాతో ఒళ్లు చిట్లిన బిడ్డ విషయంలో మాత్రం ఆ ధీమా పనికిరాదు. కాబట్టి నీళ్లు కలిసిన క్రీమ్‌లో సూక్ష్మజీవులను ఆపే ఏర్పాటు ఏదీ లేకపోతే సంతోషించాల్సింది ఏమీ లేదు.

అలాగని ప్రిజర్వేటివ్‌లన్నీ ఒకటే అనుకోకూడదు. ఈ విషయంలో మనం నేర్చుకోవాల్సిన కథ మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే ప్రిజర్వేటివ్‌ది. పారాబెన్లనే మరో రకం ప్రిజర్వేటివ్‌ల మీద అనుమానాలు ముదిరిన కాలంలో, వాటిని తీసేసిన కంపెనీలు చాలా చోట్ల దీన్ని ఎత్తుకున్నాయి. కొన్నేళ్లకే అలర్జీ కేసులు కుప్పలుగా రావడం మొదలైంది. 2013లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దీన్నే ఆ ఏడాది అలర్జీ కారకంగా ప్రకటించింది. 2014లో అమెరికా పిల్లల వైద్యుల పత్రిక ‘పీడియాట్రిక్స్’ ఆరుగురు పిల్లల కేసులు ప్రచురించింది. మూతి చుట్టూ, పిర్రల మీద మానని దద్దుర్లు. ఎగ్జిమా అనో మరో చర్మవ్యాధి అనో మందులు వాడినా తగ్గలేదు. ఇది ఉన్న తడి వైప్స్ వాడకం ఆపేస్తే తగ్గిపోయాయి. 2017 నుంచి యూరప్‌లో, రాసి వదిలేసే క్రీముల్లో దీన్ని నిషేధించారు. షాంపూ లాంటి కడిగేసే వాటిలో అతి తక్కువ మోతాదుకు పరిమితం చేశారు. ఇటు 2019లో అదే అమెరికన్ సొసైటీ పారాబెన్లను అలర్జీ తక్కువ కలిగించే పదార్థాలుగా ప్రత్యేకంగా గుర్తించింది. ఏ భయంతో ఒకదాన్ని తరిమేశామో, దాని స్థానంలో వచ్చినది పసివాళ్ల ఒంటిని మరింత బాధపెట్టింది. ఇది నన్ను నిజంగా కలవరపెడుతుంది.

మరి యూరప్ పారాబెన్లను ఎందుకు కట్టడి చేసిందని ఎవరైనా అడగవచ్చు. సబబైన ప్రశ్నే. 2011లో డెన్మార్క్, మూడేళ్లలోపు పిల్లల ఉత్పత్తుల్లో ప్రొపైల్, బ్యూటైల్ పారాబెన్లను నిషేధించింది. 2014లో యూరోపియన్ యూనియన్ కూడా ఆ రెండింటినీ నిషేధించింది గానీ, మూడేళ్లలోపు పిల్లలకు డైపర్ కట్టే చోట రాసి వదిలేసే వాటికే ఆ నిషేధం. కారణం స్పష్టం. హార్మోన్ల మీద ప్రభావం ఉండొచ్చన్న అనుమానం ఒకటి. డైపర్ కింద చర్మం తడిగా, ఒరిసిపోయి ఉంటుంది కనక రాసిన పదార్థం ఎక్కువగా లోపలికి ఇంకుతుందన్నది రెండోది. పైగా పసి శరీరం ఆ పదార్థాలను వదిలించుకునే వేగం పెద్దలంత కాదు. అంటే చూడాల్సింది పదార్థం పేరొక్కటే కాదు, ఎక్కడ రాస్తున్నాం, రాసి కడుగుతున్నామా వదిలేస్తున్నామా అన్నదీ చూడాలి. ఫినాక్సీఇథనాల్ అనే మరో ప్రిజర్వేటివ్ విషయంలోనూ ఇదే తగవు. డైపర్ చోట దాన్ని వాడొద్దని 2012లో ఫ్రాన్స్ ఔషధ సంస్థ సూచించింది. ఒక శాతం వరకు అన్ని వయసులవాళ్లకూ సురక్షితమేనని 2016లో యూరప్ శాస్త్రవేత్తల కమిటీ చెప్పింది. నిపుణులే ఏకాభిప్రాయానికి రాని చోట, డైపర్ కింద ఒట్టి జింక్ ఆక్సైడ్ ముద్దతో సరిపెట్టుకోవడం పిరికితనం కాదు.

చట్టం ఒప్పుకున్న మోతాదులో ఉంటే ఇంకేం భయం అనే వాదన కూడా ఉంది. ఆ పరిమితి ఒక్కో ఉత్పత్తికి విడివిడిగా వర్తిస్తుంది. ఒకే బిడ్డకు సబ్బు, షాంపూ, లోషన్, వైప్స్, మళ్లీ రాత్రికి క్రీమ్ వాడితే ఒంటికి చేరే మొత్తం పెరుగుతుంది. నూనెల సంగతి వేరు. కొబ్బరినూనె, నువ్వులనూనెలో నీళ్లు లేవు కాబట్టి వాటికి ప్రిజర్వేటివ్ అక్కర్లేదు. పొడి నలుగుపిండీ అంతే. కానీ తడిపిన పిండిని ఎప్పటికప్పుడు పారబోయాలి, రేపటికి దాచకూడదు.

తుమ్మలపల్లె విషయంలో మరో మాట చెప్పుకోవాలి. అక్కడి యురేనియం శుద్ధి కర్మాగారం వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు పాడై ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కొన్నేళ్లుగా మొర పెట్టుకుంటున్నారు. ఆ కర్మాగారాన్ని నడిపే యురేనియం కార్పొరేషన్ ఆ ఆరోపణను ఒప్పుకోలేదు. అలాంటి చోట బిడ్డకు దద్దుర్లొస్తే తప్పంతా లోషన్ సీసా మీదకు నెట్టేస్తే అసలు కారణం దొరక్కుండా పోవచ్చు. డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు వాడుతున్న డబ్బాలు, వైప్స్ ప్యాకెట్ అన్నీ వెంట తీసుకుపోవాలి. వెనక అట్టమీది చిన్న అక్షరాల్లో ‘ఐసోథయాజోలినోన్’ ఉందేమో చూపించాలి. బిడ్డకు పోసే నీళ్లు ఏ బోరువో కూడా చెప్పాలి.