ధరలు తగ్గుతున్న కాలంలో తొలి ఇంటి కొనుగోలు

స్థిరాస్తి ధరలు పడిపోతున్నపుడు, అంతవరకు సొంత ఇల్లు లేని కుటుంబం ఇల్లు కొనాలా లేక అద్దె ఇంట్లో ఉంటూ మరికొంత కాలం వేచి ఉండాలా అన్నది ఒక ముఖ్యమైన ఆర్థిక నిర్ణయం. ఇల్లు ఉన్నవారు దానిని అమ్మి మరొకటి కొన్నపుడు, తక్కువకు అమ్మినా తక్కువకే కొంటారు కనుక నష్టం కొంత సర్దుకుంటుంది. తొలి ఇల్లు కొనేవారికి ఆ సర్దుబాటు లేదు. అయితే అమ్ముకోవలసిన ఆస్తి లేనందువలన వారికి తొందర కూడా లేదు. బేరంలో ఇదే వారి బలం.

తెలుగు కుటుంబాలలో గృహప్రవేశం నాడు సత్యనారాయణ వ్రతం చేసుకొనడం ఆచారం. ఆ వ్రతానికి ప్రసిద్ధి చెందిన క్షేత్రం అన్నవరం. పంపా నది ఒడ్డున రత్నగిరిపై ఉన్న శ్రీ వీరవెంకట సత్యనారాయణ స్వామి ఆలయానికి కొత్తగా పెళ్ళయినవారితో పాటు కొత్త ఇల్లు అమరినవారు కూడా వ్రతం చేయించుకొనడానికి వస్తుంటారు. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అనే సామెత ఖర్చును గురించి హెచ్చరిస్తుంది గాని, కట్టిన ఇంటి ధర పడిపోగలదన్న ఊహ అందులో లేదు. భూమి ధర ఎన్నటికీ తగ్గదన్న నమ్మకం గోదావరి జిల్లాలలో బలమైనది. 2008 తరువాత హైదరాబాదు, 2019 తరువాత అమరావతి ఆ నమ్మకాన్ని సడలించాయి.

హైదరాబాదు, 2008 - 2013

2006 జూలైలో హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ (హుడా) కోకాపేటలో నిర్వహించిన వేలంలో ఎకరం భూమి గరిష్ఠంగా 14.25 కోట్ల రూపాయలు పలికింది. నగరపు పడమటి అంచున అపార్ట్‌మెంట్ల ధరలకు ఆ వేలం ఒక కొలబద్ద అయింది. 2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ సంస్థలకు పని ఇచ్చేవారిలో అమెరికా బ్యాంకులు, బీమా కంపెనీలు అధికం కావడంతో కొత్త ఉద్యోగాలు ఆగిపోయాయి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు బి. రామలింగరాజు కంపెనీ లెక్కలు తప్పుడువని అంగీకరించారు. ఆ కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్ చేపట్టిన గృహ సముదాయాలలో ముందే డబ్బు చెల్లించినవారు ఇళ్ళ కోసం ఎదురుచూస్తూ మిగిలారు. 2009 డిసెంబరు 9న తెలంగాణ ఏర్పాటు ప్రక్రియపై కేంద్ర ప్రభుత్వ ప్రకటన వెలువడిన తరువాత నగర భవిష్యత్తుపై అనిశ్చితి తోడయింది. జాతీయ గృహనిర్మాణ బ్యాంకు 2007ను 100గా తీసుకొని ప్రకటించిన రెసిడెక్స్ సూచీలో, దేశంలోని పలు నగరాలు బాగా పైకి పోయినా, హైదరాబాదు 2012లోనూ 100కు దిగువనే ఉంది.

ఈ సంఘటనలలో గమనించవలసినది ఒకటుంది. ధర తగ్గించిన కారణమే కొనేవాని జీతాన్ని, కట్టే బిల్డరును కూడా దెబ్బ తీసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి సాఫ్ట్‌వేర్ సంస్థల నడుమ ఫ్లాటు కొన్నపుడు అతని ఉద్యోగం, అతని ఆస్తి ఒకే తీగకు కట్టి ఉంటాయి. "ధర అట్టడుగుకు చేరిందా" అన్న ప్రశ్నకు ఆనాడు ఎవరి వద్దా జవాబు లేదు. "ధర ఎందువలన పడుతోంది, ఆ కారణం మా ఇంటి ఆదాయాన్ని కూడా తాకుతుందా" అన్న ప్రశ్నకు మాత్రం ప్రతి కుటుంబమూ జవాబు చెప్పుకోగలదు.

వడ్డీ రేట్లు మరొక పాఠం. 2008 ఆగస్టులో 9 శాతం ఉన్న రిజర్వు బ్యాంకు రెపో రేటు 2009 ఏప్రిల్ నాటికి 4.75 శాతానికి దిగింది. 2009 ఫిబ్రవరిలో భారతీయ స్టేట్ బ్యాంకు మొదటి సంవత్సరానికి 8 శాతం వడ్డీతో గృహరుణాలు ప్రకటించింది. ధరలు తక్కువ, వడ్డీ తక్కువ కనుక ఇదే అదను అనిపించిన కాలమది. 2011 అక్టోబరు నాటికి రెపో 8.5 శాతానికి చేరింది. 20 సంవత్సరాలకు తీసుకొన్న 20 లక్షల రుణంపై 8 శాతం వడ్డీకి నెల వాయిదా సుమారు 16,730 రూపాయలు. అదే 10.5 శాతమైతే సుమారు 19,970. వాయిదా పెంచని బ్యాంకులు రుణ కాలాన్ని పొడిగించాయి.

ఆ రోజులలో గచ్చిబౌలి, మాదాపూర్ పరిసరాలలో పూర్తయిన ఫ్లాటు కొని, ఉద్యోగం నిలుపుకొని, అందులోనే కాపురమున్నవారికి తరువాతి దశాబ్దం కలిసివచ్చింది. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100.75 కోట్లు పలికింది. అయితే ఈ అంకెను 2009 నాటి నిర్ణయానికి సమర్థనగా చూపడం సరికాదు. మధ్యలో ఉద్యోగం పోయి 2011లో అమ్ముకొన్నవారికి 2023 వేలం వలన ఒరిగినదేమీ లేదు.

అమరావతి

విజయవాడ పరిసరాలలో రాజధాని ఏర్పాటవుతుందని 2014 సెప్టెంబరు 4న శాసనసభలో ప్రకటన జరిగింది. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన అయింది. రాజధాని ప్రాంత ప్రాధికార సంస్థ (సీఆర్‌డీఏ) 2018లో నేలపాడు వద్ద హ్యాపీ నెస్ట్ పేరుతో 1,200 ఫ్లాట్లకు ఆన్‌లైన్‌లో బుకింగులు చేపట్టగా జనం ఎగబడ్డారు. 2019లో ప్రభుత్వం మారింది. అదే ఏడాది డిసెంబరు 17న మూడు రాజధానుల ఆలోచనను నాటి ముఖ్యమంత్రి శాసనసభలో వెల్లడించారు. భూముల ధరలు కూలాయి, ఫ్లాట్ల పని ముందుకు సాగలేదు. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చినా పరిస్థితి వెంటనే మారలేదు. 2024 జూన్ ఎన్నికల ఫలితాల తరువాత ధరలు లేచాయి, 2025 మే 2న పనులు పునఃప్రారంభమయ్యాయి.

ఇక్కడ బిల్డరు ప్రభుత్వ సంస్థే. పత్రాలలో లోపం లేదు. అయినా డబ్బు కట్టినవారు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. ధర మొత్తం ఒక్క రాజకీయ నిర్ణయంపై నిలిచిన చోట, ఆ నిర్ణయం మారితే తక్కువ ధర కూడా ఎక్కువే అవుతుంది.

అద్దెకు, వాయిదాకు గల లెక్క

40 లక్షల రూపాయల ఇల్లు, అందులో 10 లక్షలు సొంత సొమ్ము, 30 లక్షలు 8.5 శాతం వడ్డీతో 20 సంవత్సరాల రుణం అనుకొందాం. నెల వాయిదా సుమారు 26,035 రూపాయలు. మొదటి ఏడాది కట్టే 3.12 లక్షలలో అసలుకు జమ అయ్యేది సుమారు 60 వేలు మాత్రమే, మిగిలిన 2.53 లక్షలు వడ్డీ. ఆంధ్ర ప్రదేశ్‌లో స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం చొప్పున మరో 3 లక్షలు మొదటి రోజే పోతాయి. సొంత సొమ్ము, ఈ ఖర్చు కలిసిన 13 లక్షలపై 7 శాతం డిపాజిట్ వడ్డీ 91 వేలు వదులుకొన్నట్టే.

అదే ఇంటికి అద్దె నెలకు 10,000 అయితే ఏడాదికి 1.20 లక్షలు. అంటే ధర కదలకుండా ఉన్నా, అద్దెకున్న కుటుంబానికి ఆ ఏడాది సుమారు 2.2 లక్షలు మిగులుతుంది. పన్ను మినహాయింపు వర్తించేవారికి ఈ తేడా కొంత తగ్గుతుంది. ఇంటి ధర ఏటా అయిదున్నర శాతం మేర పెరిగితే గాని వేచి ఉండడం నష్టం కాదు. పడే ధరల కాలంలో "అద్దె కట్టడం దండగ" అనే మాట ఈ లెక్కకు నిలవదు.

అప్పు నష్టాన్ని పెంచి చూపుతుంది. ధర 10 శాతం పడితే పోయేది 4 లక్షలు, కాని అది సొంత సొమ్ములో 40 శాతం. 25 శాతం పడితే ఇల్లు 30 లక్షలు, ఏడాది తరువాత రుణం 29.4 లక్షలు. ఇల్లు అమ్మనంత కాలం ఇది కాగితం మీది నష్టమే. ఆదాయం ఆగి అమ్మక తప్పనపుడు అది నిజమవుతుంది. అందుచేత తొలి ఇల్లు కొనేవారు కనీసం ఆరు నెలల వాయిదాలకు సరిపడే సొమ్ము విడిగా ఉంచుకోవడం, ఆ ఊరిలో ఏడెనిమిదేళ్ళు ఉండగలమా అని చూసుకోవడం ధరను ఊహించడం కంటే పనికివస్తాయి. బదిలీల ఉద్యోగికి ఈ కారణంగానే అద్దె మేలు.

అమెరికాలోని తెలుగువారు

అమెరికాలో ఇళ్ళ ధరలు 2006 శిఖరం నుండి 2012 ఆరంభం వరకు కేస్-షిల్లర్ జాతీయ సూచీ ప్రకారం దాదాపు 27 శాతం పడ్డాయి. హెచ్-1బి వీసాపై ఉన్నవారికి ఉద్యోగం పోతే దేశంలో ఉండే హక్కే ప్రశ్నార్థకమవుతుంది. ఇప్పుడున్న 60 రోజుల గడువు 2017 జనవరిలో వచ్చినదే. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలలో ఇల్లు కొనేందుకు తీసుకొన్న రుణం తీర్చలేనివారు ఇంటిని బ్యాంకుకు వదిలితే మిగిలిన బాకీ వారిని వెంటాడదు. భారతదేశంలో అలా కాదు. ఇల్లు వేలం వేసినా తీరని బాకీని బ్యాంకు రుణగ్రహీత నుండి వసూలు చేసుకోవచ్చు.

కట్టిన ఇల్లు, కట్టబోయే ఇల్లు

ధరలు పడేటపుడు బిల్డర్లు ఎక్కువగా తగ్గించి అమ్మేది ఇంకా కట్టని ఫ్లాట్లనే, ఎందుకంటే పని సాగడానికి వారికి ఆ సొమ్మే ఆధారం. ఆ తగ్గింపు ఒక విధంగా కొనేవాడు బిల్డరుకు ఇచ్చే అప్పుకు వడ్డీ వంటిది. 2017 మే 1 నుండి పూర్తిగా అమలులోకి వచ్చిన రెరా చట్టం కొంత రక్షణ ఇచ్చింది. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో 10 శాతం కంటే ఎక్కువ తీసుకోరాదు. కొనుగోలుదారుల నుండి వచ్చిన సొమ్ములో 70 శాతం ఆ నిర్మాణానికే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. గడువు తప్పితే వడ్డీతో సహా వాపసు కోరవచ్చు. అయితే 500 చదరపు మీటర్లు మించని స్థలంలోనివి, ఎనిమిది ఫ్లాట్లకు మించనివి రెరా నమోదు పరిధిలోకి రావు. రాజమండ్రి, కాకినాడ వీధులలో ఇటువంటి చిన్న అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి.

పడే ధరల కాలంలో చాలామంది గమనించని చిక్కు మరొకటి. బజారు ధర తగ్గినా, రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన మార్కెట్ విలువ వెంటనే తగ్గదు. సుంకం ఆ విలువపైనే కట్టాలి. పైగా పత్రంలోని ధర ప్రభుత్వ విలువ కంటే తక్కువై, ఆ తేడా 50,000 రూపాయలనూ, పత్రంలోని ధరలో 10 శాతాన్నీ మించితే, తేడా మొత్తాన్ని కొన్నవారి ఆదాయంగా లెక్కించి పన్ను వేస్తారు. 40 లక్షల విలువ గల ఇంటిని నిజంగానే 34 లక్షలకు కొన్న కుటుంబం 6 లక్షలపై పన్ను చెల్లించవలసి రావచ్చు.

చిన్న ఊళ్ళలో

అన్నవరం వంటి ఊళ్ళలో ధరల పతనం నగరాలలో వలె కనబడదు. ఇక్కడ భూమిని సెంట్ల లెక్కన అమ్ముతారు. సెంటు 48.4 చదరపు గజాలు. ఏడాదికి జరిగే అమ్మకాలు కొన్నే కనుక సూచీ ఏదీ ఉండదు. అమ్మేవారు చెప్పే ధర తగ్గించరు, కొనేవారు రారు, స్థలం నెలల తరబడి అలాగే ఉంటుంది. ధర తగ్గిన సంగతి బయానా ఇచ్చేటపుడు బేరంలోనే తెలుస్తుంది. అమ్మేవారికి పెళ్ళి ఖర్చో, అప్పో ఉన్నపుడు ఆ తగ్గింపు ఇంకా పెద్దది. చుట్టుపక్కల ఇటీవల రిజిస్టరైన దస్తావేజుల ధరలు, అదే వీధిలోని అద్దెలు విచారించడమే ఇక్కడ సూచీ. క్షేత్రాన్ని నమ్ముకొన్న వ్యాపారుల ఆదాయం భక్తుల రాకపై ఆధారపడుతుంది. 2020లో లాక్‌డౌన్ కాలాన దర్శనాలు నిలిచినపుడు దుకాణాలు, లాడ్జీలు, ఆటోలు ఒక్కసారిగా ఆగిపోయాయి. కొండ కింద దుకాణం నడిపే కుటుంబం కొండ కిందే అప్పు చేసి ఇల్లు కొనడం, గచ్చిబౌలిలోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పరిస్థితికి దగ్గరగా ఉంటుంది.

క్షేత్రాల పరిసరాలలో తక్కువ ధరకు వచ్చే స్థలాల విషయంలో దేవాదాయ భూములను ప్రత్యేకంగా చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో ఉన్న సర్వే నంబర్లకు రిజిస్ట్రేషన్ జరగదు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. రిజిస్టరు కాని వీలునామాలు, నోటిమాట పంపకాలు, చాలా కోర్టు తగాదాలు అందులో ఉండవు. అందువలన లింకు డాక్యుమెంట్లను న్యాయవాదికి చూపించి, అమ్మేవారికి ఉన్న పాత బ్యాంకు రుణం తీరినట్లు పత్రం తీసుకొన్న తరువాతనే బయానా మించిన సొమ్ము చెల్లించడం ఆనవాయితీ.