ఇంట తయారు చేసికొను ఫోను స్విచ్చి పెట్టె

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో బోరుబావి గల రైతుకు తనంత తాను నడచు స్విచ్చి కొత్త వస్తువు కాదు. వ్యవసాయమునకు కరెంటు రోజుకు కొన్ని గంటలు మాత్రమే, అదియు పగలు కొంత రాత్రి కొంత వచ్చిన కాలమున, నిద్ర మాని చేనికి పోలేక రైతులు ఆటో స్టార్టరులను బిగించుకొనిరి. కరెంటు వచ్చినంతనే మోటారు తిరిగెడిది. నీరు కావలసియున్నను లేకున్నను తిరిగెడిది. మోటారు వద్ద మనిషి చేయి పెట్టియున్నను తిరిగెడిది. 2018 జనవరి 1న రాష్ట్రమున వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ప్రారంభమగుటకు ముందు, భూగర్భ జలము వృథా కాకుండుటకై వీటిని తీసివేయవలెనని ప్రభుత్వము రైతులను కోరినది.

ఇప్పుడు అటువంటి స్విచ్చి ఫోను రూపమున ఇంటిలోనికి వచ్చుచున్నది. సీడు పత్తి వేసిన గద్వాల రైతు ఉదయమే క్రాసింగు పనికి పోవును. కొట్టములోని దీపము ఆర్పుట మరచును. చేనునుండియే దానిని ఆర్పగలిగిన మేలే కదా. అట్టి పెట్టెను ఇంటనే చేసికొనవచ్చును. అయితే ఆటో స్టార్టరునందలి దోషము ఇందులో మరల చొరబడకుండ చూచుకొనవలెను.

కావలసిన వస్తువులు కొద్దియే: మూత గల ప్లాస్టిక్ పెట్టె, మూడు రంధ్రముల సాకెట్లు మూడు, రెండు రిలేలు గల బోర్డు, వైఫై గల ఈఎస్‌పి8266 బోర్డు, దానికి 5 వోల్టులిచ్చుటకు మంచి ఫోను చార్జరు, 6 ఆంపియర్ల ఎంసిబి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సిసిబి, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. రెండు సాకెట్లు ఫోనుతో నడచును. మూడవది ఎప్పుడును కరెంటు కలిగియుండును.

రిలే యనగా చిన్న అయస్కాంతపు స్విచ్చి. 5 వోల్టుల కరెంటు తీగచుట్టలో పారగానే లోపలి రేకు టక్కున కదలి, 230 వోల్టుల దారిని కలుపును. దీనికి మూడు కొనలుండును. నడిమి కొన ‘కామ్’. రిలే పనిచేయనప్పుడు తెగియుండునది ‘ఎన్ఓ’. అప్పుడు కలిసియుండునది ‘ఎన్‌సి’. ఫేజు తీగను కామ్‌నకు, సాకెట్టుకు పోవు తీగను ఎన్ఓకు బిగింపవలెను. పొరపాటున ఎన్‌సికి బిగించినచో, కరెంటు వచ్చిన క్షణముననే సాకెట్టులోనికి పారును. ఆటో స్టార్టరు చేసినది ఇదియే.

తీగలు సరిగా నున్నను ప్రోగ్రాము వలన అదే ప్రమాదము రావచ్చును. టాస్మోటా యను ఉచిత ప్రోగ్రామునందు, కరెంటు పోయి వచ్చినచో వెనుకటి స్థితియే మరల వచ్చునట్లు ముందుగనే అమర్చబడి యుండును. ‘పవర్ ఆన్ స్టేట్’ అనుదానిని సున్నకు మార్చవలెను. ఈఎస్‌పి బోర్డు కాళ్ళలో కొన్ని, కరెంటు తగిలిన తొలి క్షణమున తమంత తాము రిలేను కదల్చును. అందుచేత డి1, డి2 అని గుర్తుగల కాళ్ళను వాడుట మేలు.

పెట్టె పూర్తియైన పిదప ఈ పరీక్ష తప్పక చేయవలెను. సాకెట్టునందు బల్బు పెట్టి ఫోనుతో వెలిగింపుడు. మెయిన్ స్విచ్చి తీసి, పది లెక్కించి, మరల వేయుడు. బల్బు వెలుగరాదు. రెప్పపాటు మెరసినను పెట్టెను వాడక, తీగలను, ప్రోగ్రామును మరల చూడవలెను.

ఫేజును మాత్రమే రిలే తెంపవలెను. న్యూట్రల్‌ను తెంపినచో బల్బు ఆరును గాని హోల్డరులో కరెంటు నిలిచియే యుండును. బల్బు మార్చబోయినవానికి షాకు తగులును. మూడు సాకెట్లకును ఎర్తు తీగ తప్పనిసరి. మన ఎర్ర చెలకలు వేసవిలో బాగుగా ఎండును. ఎండిన మట్టిలో ఎర్తు సరిగా పనిచేయదు గనుక, గుంతలో అప్పుడప్పుడు నీరు పోయుచుండవలెను. ఆర్‌సిసిబిపై నున్న పరీక్ష మీటను నెల కొకసారి నొక్కి, అది పడుచున్నదా యని చూడవలెను.

ఇక బోరు మోటారు సంగతి. “పది ఆంపియర్లని రిలే మీద వ్రాసియున్నది, ఒక హెచ్‌పి మోటారు ఏడు ఆంపియర్లే గదా” యని కొందరందురు. ఆ పది ఆంపియర్లు దీపము, హీటరు వంటి వాటికి చెప్పిన లెక్క. మోటారు కదలుటకు తొలి క్షణమున అయిదారు రెట్లు గుంజును. ఆ వేడికి రిలే లోపలి రేకులు ఒకదాని కొకటి అతుకుకొనిపోవును. అటుపిమ్మట ఫోనులో ‘ఆఫ్’ అని కనబడును గాని మోటారులో కరెంటుండును. ఫోనును నమ్మి పైపు పట్టుకొన్నవాని గతి చెప్ప నక్కరలేదు. కావున ఈ పెట్టెకు దీపములు, ఫ్యాను, టీవీ, స్ప్రేయరు బ్యాటరీ చార్జరు మాత్రమే తగిలింపవలెను. త్రీఫేజు మోటారునకు కాంటాక్టరు, ఓవర్‌లోడ్ రిలే గల స్టార్టరే కావలెను. ఆ పని లైసెన్సు గల ఎలక్ట్రీషియన్‌దే.

పెట్టెలో 230 వోల్టుల తీగలకును 5 వోల్టుల తీగలకును నడుమ ప్లాస్టిక్ అడ్డు పెట్టుడు. తీగలు దూరు రంధ్రములను రబ్బరు బిరడాలతో మూయుడు. లేనిచో బల్లులు, చీమలు చేరును. కొట్టములో పేడ నీరు చిందు చోట గాక, గోడకు మనిషి ఛాతీ ఎత్తున బిగించి, కరెంటు పని తెలిసినవానికి చూపిన పిమ్మటనే వాడుకలోనికి తేవలెను.