కనుమదారిలో సైకిల్ సవారీ

విశాఖపట్నం నుంచి అరకు లోయకు వెళ్లే సుమారు 115 కిలోమీటర్ల దారిలో శృంగవరపుకోట వరకు చెప్పుకోదగిన ఎక్కుడేమీ ఉండదు. ఆ ఊరు దాటిన తరువాత తూర్పు కనుమలు మొదలై, దారి మలుపులు తిరుగుతూ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైబడిన ఎత్తుకు చేరుకుంటుంది. సెలవురోజుల్లో ఈ ఘాట్ రోడ్డు ఎక్కదలచిన సైక్లిస్టుకు కండబలం కన్నా, ఉన్న బలాన్ని చివరిదాకా పొదుపుగా వాడుకునే నేర్పు ముఖ్యం.

చదునైన నేలపై వేగంగా సాగే సైకిల్‌ను ప్రధానంగా అడ్డుకునేది గాలి కాగా, కొండదారిలో ఆ స్థానం భూమ్యాకర్షణకు దక్కుతుంది. 100 మీటర్ల దూరంలో దారి 6 మీటర్లు పైకి లేస్తే దానిని 6 శాతం వాలు అంటారు. సైకిల్‌తో కలిపి 80 కిలోల బరువును 800 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి సుమారు 150 కిలోకేలరీల పని జరగాలి; అయితే కండరాలు ఖర్చుచేసే శక్తిలో ఇంచుమించు నాలుగో వంతే పనిగా మారి, మిగిలినది వేడిగా పోతుంది కనుక శరీరానికి అయ్యే అసలు ఖర్చు 600 కిలోకేలరీల దాకా ఉంటుంది. ఆకలి వేసేదాకా ఆగకుండా అరటిపండో పల్లీచిక్కీయో కొద్దికొద్దిగా తింటూ, ఉప్పు కలిపిన నిమ్మరసం తాగుతూ సాగాలనడం ఇందుకే.

పెడళ్ల దగ్గరి పళ్లచక్రానికీ, వెనుక చక్రానికున్న పళ్లచక్రానికీ సమానంగా 34 పళ్లుంటే, పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు సైకిల్ దాదాపు 2.1 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కినా వేగం గంటకు ఏడున్నర కిలోమీటర్లే. ఈ వేగాన్ని చిన్నతనంగా భావించి పెద్ద గేరులో తొక్కేవారు మొదటి మలుపుల్లోనే మోకాళ్లను అలవగొట్టుకుంటారు. ఖరీదైన తేలికపాటి ఫ్రేముకు వెచ్చించే సొమ్ములో కొంత, వెనుక పెద్ద పళ్లచక్రం అమర్చుకోవడానికి కేటాయించడం ఎంతో మేలు. హెయిర్‌పిన్ మలుపులో, అంటే దారి దాదాపు వెనక్కి తిరిగే చోట, లోపలి అంచు తక్కువ దూరంలోనే అంతే ఎత్తు లేస్తుంది కాబట్టి బయటి అంచు కన్నా నిటారుగా ఉంటుంది. రోడ్డుకు ఎడమవైపున సాగే సైక్లిస్టుకు ఎడమకు తిరిగే ప్రతి మలుపులోనూ ఈ నిటారు భాగమే ఎదురవుతుంది గనుక, మలుపులోకి ప్రవేశించకముందే గేరు తగ్గించుకోవాలి.

సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీతోటలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, చలికాలపు తొలిరోజుల్లో లోయంతా పచ్చగా పరుచుకునే వలిసె పూలు ఈ శ్రమకు తగిన ప్రతిఫలమే. ఆ రోజుల్లోనే పర్యాటకుల కార్లూ ఎక్కువవుతాయి గనుక తెల్లవారకముందే బయలుదేరడం, మంచులోనూ కనిపించేలా సైకిల్ వెనుక ఎర్రదీపం వెలిగించుకోవడం తప్పనిసరి.

దిగుడుకు ఎక్కుడు కన్నా ఎక్కువ శిక్షణ అవసరమైనా, దాని గురించి ఆలోచించేవారు తక్కువ. ఎక్కేటప్పుడు కూడబెట్టిన శక్తిలో పెద్దభాగం దిగేటప్పుడు బ్రేకుల్లో వేడిగా మారుతుంది. రిమ్మును పట్టే బ్రేకులను విడవకుండా నొక్కి ఉంచితే రిమ్ము కాగి, ట్యూబు పగిలే ప్రమాదం ఉంది. అందువల్ల మలుపుకు ముందే, సైకిల్ ఇంకా పక్కకు వంగని దశలో, రెండు బ్రేకులనూ కలిపి వేసి వేగం తగ్గించుకుని, మలుపులో వాటిని వదిలేసి, చూపును మలుపు ముగిసే చోట నిలపాలి.