మాజీ సైనికుడు అంటే ఎవరు?

మిలిటరీ పింఛను తీసుకునేవాళ్ళు తాము బతికే ఉన్నామని ఏడాదికొకసారి రుజువు చూపాలి, మామూలుగా నవంబర్‌లో. దాన్నే లైఫ్ సర్టిఫికేట్ అంటారు. 2014 నుంచి ‘జీవన్ ప్రమాణ్’ వచ్చింది. ఆధార్ ఉంటే వేలిముద్ర పెడితే చాలు. చాలు అని అంటారు గానీ, సేద్యం చేసి అరిగిన వేళ్ళకు ముద్ర ఎక్కడ పడుతుంది? అప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి రెప్పలు ఆర్పాలి. “నేను బతికుండేది నీ ఫోన్ చెప్పాల్నా పాపా?” అని ఒక తాత నవ్వాడు.

పోయిన నవంబర్‌లో మా ఎన్నెస్సెస్ బ్యాచ్ వేలూరు దగ్గర ఒక ఊళ్ళో ఈ పని చేసింది. ఆ పక్కన పట్టాళానికి పోయినవాళ్ళు లేని వీధి తక్కువ. ఇప్పుడు వాళ్ళ పింఛను ‘స్పర్శ్’ అనే కంప్యూటర్ పద్ధతిలో ప్రయాగ్‌రాజ్ ఆఫీసు నుంచి నేరుగా వస్తుంది. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా చిక్కే. అందుకే అందరూ డిశ్చార్జి బుక్కు తెచ్చుకుంటారు. ఎప్పుడు చేరారు, ఎప్పుడు వదిలారు, ఎందుకు వదిలారు, అన్నీ అందులో ఉంటాయి. ఆ ‘ఎందుకు’ అనేదే అసలు సంగతి, తరవాత చెప్తాను.

ఒక పుస్తకంలో ‘ఆపరేషన్ పవన్’ అని చూశాను. అదేమిటని రాత్రి ఇంట్లో అడిగితే, అన్నం కలుపుతున్న నాయన చెయ్యి ఆగింది. “శ్రీలంకమ్మా. నేను కూడా పోయినా” అన్నాడు.

పంతొమ్మిదేళ్ళుగా నాకు తెలిసిన నాయన పొలం, ఎరువుల కొట్టు, అంతే. అమ్మకు తెలుసంట. తమిళంలో “నువ్వు అడగలేదు, ఆయన చెప్పలేదు” అంది.

1987 జూలై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. శాంతి కాపాడడానికని మన సైన్యం పోయింది. అక్టోబర్‌కల్లా ఎల్‌టీటీఈతోనే యుద్ధం మొదలైంది. 1990 మార్చిలో ఆఖరివాళ్ళు తిరిగొచ్చేలోపు మనవాళ్ళు వెయ్యిమందికి పైగా చనిపోయారు. మద్రాసులో దిగినవాళ్ళను ఆహ్వానించడానికి అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి పోలేదు. తమిళుల మీదికి పోయిన సైన్యమని ఇక్కడ కోపం. ఊళ్ళో ఎవరడిగినా నాయన “అస్సాంలో ఉన్నా” అనేవాడంట.

నాయన సిగ్నల్స్‌లో ఉండేవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం కదా మనకు. అక్కడ మాట తెలిసినవాడని తనిఖీలకు తీసుకుపోయేవాళ్ళు. “పక్కనుండే పంజాబీవాడికి ఏడుపు మాత్రమే వినపడేది. నాకు ఏమని ఏడుస్తున్నారో కూడా తెలిసేది” అన్నాడు. ఇంక నేను అడగలేదు.

ఇప్పుడు ఆ ‘ఎందుకు’. 1987 జూలై 1 తరవాత సొంత కోరిక మీద వదిలినవాళ్ళు, పింఛను సంపాదించుకున్నాకే వదిలి ఉంటేనే మాజీ సైనికులు. సిపాయికి పింఛను రావాలంటే పదిహేనేళ్ళు నిండాలి. సర్వీసువల్ల జబ్బో గాయమో తగిలి, డాక్టర్లు పంపేసి, వైకల్య పింఛను ఇచ్చి ఉంటే అది వేరే. వాళ్ళకు పదిహేనేళ్ళ లెక్క లేదు.

నాయన 1986లో చేరి 1992లో వచ్చేశాడు. పుస్తకంలో ‘సొంత కోరిక’ అనే ఉంది. “కోరికేముంది, మీ తాతకు పక్షవాతం, పొలం ఎవరు చూసేది?” అన్నాడు. అందుకే మా ఇంట్లో పింఛను లేదు, క్యాంటీన్ కార్డు లేదు, నాకు అనుమానం వచ్చే వస్తువు ఒక్కటీ లేదు. డబ్బుకు పదిహేనేళ్ళు కావాలంటే సరే, ఒప్పుకుంటాను. పేరుకు కూడా పదిహేనేళ్ళేనా?

మీ ఇంట్లో ఎవరైనా పట్టాళం నుంచి మధ్యలో వచ్చేసి ఉంటే, బీరువాలో ఆ పుస్తకం వెతికి ఆ కారణం చదవండి. డాక్టర్లు పంపేసినట్టు ఉంటే జిల్లా మాజీ సైనికుల సంక్షేమ ఆఫీసుకు తీసుకుపోండి. రానున్న నవంబర్‌లో మళ్ళీ క్యాంపు ఉంది. పుస్తకంలోని పొట్టి అక్షరాలు మాకు అర్థం కావు కాబట్టి, చదివిపెట్టడానికి నాయన వస్తానన్నాడు.