ఖాళీగా ఉన్నప్పుడే కలిపే జాక్

డల్లాస్ శివారులో పాత ఇల్లు కొనుక్కున్న ఒక పాఠకుడి ప్రశ్న ఈ నెల వ్యాసానికి మూలం. అంతకుముందు యజమాని పెట్టించిన దొంగల అలారం ఏళ్లుగా వాడకంలో లేదు. అల్మారాలో గోడకు బిగించిన దాని రేకు పెట్టె అడ్డంగా ఉందని వైర్లు కత్తిరించి తీసేశారు. అప్పటి నుంచి ఇంట్లో ఏ గదిలోనూ ఫోను పలకడం లేదు. టెలిఫోన్ కంపెనీవాళ్లేమో తమ లైను బాగానే ఉందంటున్నారు. తీసింది అలారం అయితే పోయింది ఫోను ఎందుకని ఆయన ప్రశ్న. గోడలో ఎక్కడో వైరు తెగి ఉంటుందని, గోడలు పగలగొట్టాల్సి వస్తుందేమోనని ఆయన భయం. నిజానికి ఆ ఇంట్లో ఏదీ చెడిపోలేదు. ఫోను పోవడానికి కారణం ఇంకా గోడకు ఉన్న ఒక చిన్న ప్లగ్గు. దాన్ని పీకేస్తే చాలావరకు ఫోను తిరిగి వస్తుంది. ఒక వస్తువును పెట్టడం వల్ల కాక, తీసేయడం వల్ల వలయం పూర్తికావడం ఆసక్తికరమైన సంగతి. అందుకే ఈ ప్రశ్నను రెండు ముక్కల్లో తేల్చి వదిలేయడానికి మనసొప్పలేదు.

ముందు అవసరమైనంత వరకు మౌలిక విషయాలు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీ నుంచి ఇంటికి రెండు రాగి తీగలు వస్తాయి. రిసీవర్ పెట్టి ఉన్నప్పుడు వాటి మధ్య సుమారు 48 వోల్టుల డీసీ ఉంటుంది. రిసీవర్ ఎత్తితే ఫోను లోపలి స్విచ్ రెండు తీగలనూ కలుపుతుంది, కరెంటు ప్రవహిస్తుంది, వోల్టేజీ ఒక్కసారిగా పది లోపుకు పడిపోతుంది. ఆ ప్రవాహాన్ని చూసి ఎక్స్ఛేంజీ డయల్ టోన్ పంపుతుంది. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే నాలుగూ ఈ రెండు తీగలకే సమాంతరంగా వేలాడతాయి. మన ఇళ్లలో హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి పెట్టుకుని ‘పారలల్ ఫోన్’ అని పిలుచుకున్నది ఈ ఏర్పాటునే. అందులో ఒక ఫోను తీసేసినా రెండోదానికి ఏమీ కాదు. చాలామంది ఆలోచన ఇక్కడే ఆగిపోతుంది: ఫోన్లన్నీ సమాంతరంగా ఉన్నాయి కాబట్టి అలారం కూడా సమాంతరంగానే ఉంటుందని, దాన్ని తీసేస్తే మిగతావాటికి నష్టం లేదని. ఫోన్ల మాట నిజం, అలారం మాట పూర్తిగా తప్పు.

అలారాన్ని సమాంతరంగా పెడితే ఏమవుతుందో చూడండి. దొంగ లోపలికి రాగానే అలారం పెట్టె చేయాల్సిన పని, కాపలా కేంద్రానికి తనంతట తాను ఫోన్ చేసి, ఫలానా ఇంట్లో ఫలానా తలుపు తెరుచుకుందని సంకేతాల్లో చెప్పడం. అయితే సమాంతర ఏర్పాటులో ఒక ఫోను ఎత్తి ఉంటే లైను దాని చేతిలో ఉన్నట్టే. దొంగ వైర్లు కత్తిరించనక్కర్లేదు, వంటింట్లో రిసీవర్ ఎత్తి పక్కన పెడితే చాలు, అలారం నోరు మూతపడుతుంది. దొంగ దాకా ఎందుకు, ఇంట్లోవాళ్లెవరో పై గదిలో కబుర్లు చెప్పుకుంటున్నా అంతే. కాబట్టి అలారానికి మిగతా ఫోన్లన్నిటినీ లైనుమీంచి నెట్టేసే అధికారం కావాలి. ఆ అధికారం రావాలంటే అది ఫోన్ల పక్కన కాదు, ఫోన్ల ముందు ఉండాలి. వీధి నుంచి వచ్చిన లైను ముందుగా అలారం పెట్టెలోకి వెళ్లి, అందులోని రిలే గుండా బయటికొచ్చి, అప్పుడు గదులకు పోవాలి. పాఠ్యపుస్తకాల భాషలో ఇది శ్రేణి సంధానం. పండగకు గుమ్మానికి కట్టే సీరియల్ బల్బుల దండలో ఒక బల్బు పీకితే దండంతా ఆరిపోతుంది కదా, అక్కడ బల్బు ఉన్న చోటే ఇక్కడ అలారం ఉంది. ఇంట్లోని ఫోన్లన్నీ దాని తర్వాత వచ్చేవే.

ఇలా చెప్పగానే ఒక అభ్యంతరం వస్తుంది. ఇంటి ఫోన్లన్నీ ఒక పెట్టె దయమీద ఆధారపడితే, ఆ పెట్టె చెడిపోయిన రోజున అగ్నిమాపక దళానికి కూడా ఫోన్ చేయలేం కదా, ఇంత ప్రమాదకరమైన ఏర్పాటును ఎలా ఒప్పుకున్నారు? దీనికి సమాధానమే ఈ మొత్తం వ్యవహారంలో నన్ను కట్టిపడేసిన భాగం. రూపకర్తలు రెండు అంచెల్లో జాగ్రత్తపడ్డారు. మొదటి అంచె రిలే. రిలేకు కరెంటు అందనప్పుడు దాని లోహపు నాలుక ఏ వైపు ఆని ఉంటుందో ఆ వైపుకే ఇంటి ఫోన్లను కలిపారు. అలారం పెట్టెకు కరెంటు పోయినా, లోపలి 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోయినా నాలుక తన విశ్రాంతి స్థానంలోనే ఉంటుంది, లైను నేరుగా గదులకు పోతుంది. అలారం మోగాల్సినప్పుడు మాత్రమే రిలే బిగుసుకుని గదులను తెంపుతుంది.

రెండో అంచె, అలారం ప్లగ్గు కూర్చునే జాక్. అమెరికాలో దాని పేరు ‘ఆర్‌జే 31 ఎక్స్’. ఆర్‌జే అంటే రిజిస్టర్డ్ జాక్. చూడ్డానికి కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ పెట్టే సాకెట్టులాగే ఉంటుంది, ఎనిమిది పిన్నులు, అదే వెడల్పు. మధ్యలోని 4, 5 పిన్నులకు వీధి లైను వచ్చి చేరుతుంది. రెండు చివర్లలోని 1, 8 పిన్నుల నుంచి గదులకు వైరు పోతుంది. అలారం పెట్టె నుంచి వచ్చిన తీగ ప్లగ్గు రూపంలో ఇందులో కూర్చుంటుంది. మధ్య పిన్నుల నుంచి లైను అలారంలోకి వెళ్లి, చివరి పిన్నుల మీదుగా తిరిగొస్తుంది. ఇంతవరకు మామూలే. ఇప్పుడు ప్లగ్గు తీసేసి, టార్చి వేసి ఆ రంధ్రంలోకి చూడండి. సన్నని బంగారు రంగు స్ప్రింగు తీగలు వాలుగా కనిపిస్తాయి. మామూలు సాకెట్టులో అవి గాలిలో తేలుతూ ఉంటాయి. ఇక్కడ మాత్రం 1, 4 తీగలు కలిసి ఒక చిన్న లోహపు పట్టీ మీద, 5, 8 తీగలు కలిసి ఇంకో పట్టీ మీద ఆనుకుని ఉంటాయి. అంటే సాకెట్టు ఖాళీగా ఉన్నప్పుడు లైను ఆ పట్టీల మీదుగా నేరుగా గదులకు దాటిపోతుంది. ప్లగ్గు లోపలికి దూరినప్పుడు దాని రాగి అంచులు స్ప్రింగులను పైకెత్తుతాయి, అవి పట్టీని వదిలేస్తాయి, ఆ దారి మూసుకుపోయి లైను అలారం గుండా మళ్లుతుంది. మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే కదలిక, కరెంటు అక్కర్లేదు, ఎవరూ నొక్కక్కర్లేదు. అలారం చెడిపోయి ఫోన్లను పట్టుకు కూర్చుంటే ఇంట్లోవాళ్లు స్క్రూడ్రైవర్ కూడా లేకుండా ప్లగ్గు లాగేసి ఫోన్ చేసుకోవచ్చు. ఇంత తక్కువ లోహంతో ఇంత ముందుచూపు ఇంకెక్కడైనా ఉందా అనిపిస్తుంది.

ఇప్పుడు పాఠకుడి ఇంట్లో జరిగింది మళ్లీ చూస్తే కారణం స్పష్టమవుతుంది. పెట్టెకు కరెంటు తీసేస్తే ఫోను పనిచేస్తుంది, రిలే కాపాడుతుంది. ప్లగ్గు పీకితే ఫోను పనిచేస్తుంది, పట్టీలు కాపాడతాయి. ప్లగ్గును సాకెట్టులోనే ఉంచి దాని తీగను మధ్యలో కత్తిరిస్తే మాత్రం రెండు రక్షణలూ ఒకేసారి పోతాయి. పెట్టెతోపాటు రిలే వెళ్లిపోయింది, సాకెట్టులో మిగిలిన ప్లగ్గు ముక్క స్ప్రింగులను ఇంకా పైకెత్తి పట్టుకునే ఉంది. తెగిన తోకతో ఆ ప్లగ్గు, లేని అలారానికి దారి చూపిస్తూ లైనును అక్కడే ఆపేస్తుంది. తీగలోని నాలుగు వైర్లలో ఒక్కటి తెగినా ఫలితం ఇదే, ఎందుకంటే వలయం ఎక్కడ తెగినా తెగినట్టే. చాలామందిని పక్కదారి పట్టించే సాక్ష్యం కూడా ఇక్కడే ఉంది. జాగ్రత్తపరులు ముందు అలారానికి కరెంటు ఆపేసి, కొన్నాళ్లు చూసి, ఫోను బాగానే ఉంది కాబట్టి అలారానికీ ఫోనుకూ సంబంధం లేదని తేల్చుకుని అప్పుడు కత్తెర తీస్తారు. వాళ్ల పరిశీలన నిజమే, నిర్ధారణే తప్పు. ఫోను పనిచేసింది అలారంతో సంబంధం లేక కాదు, అలారంలోని రిలే విశ్రాంతిగా ఉంటూనే లైనును మోస్తున్నందువల్ల.

తెలిసినవాళ్లు కూడా ఇందులో తప్పటడుగు వేస్తుంటారు. ఆ సాకెట్టు పాతబడిందని తీసేసి, అదే కొలతల మామూలు ఎనిమిది పిన్నుల నెట్‌వర్క్ సాకెట్టు బిగించేవాళ్లున్నారు. బయటికి రెండూ ఒకటే, కానీ కొత్తదాంట్లో పట్టీలు లేవు, ఖాళీగా ఉంచినా కలపదు. ఇంకొందరు తెగిన నాలుగు వైర్లనూ ఒకే ముడిగా మెలేసి టేపు చుట్టేస్తారు. అప్పుడు లైను రెండు తీగలూ ఒకదానికొకటి తగిలి, ఎవరో రిసీవర్ ఎత్తి వదిలేసినట్టు ఎక్స్ఛేంజీకి కనిపిస్తుంది. బయటినుంచి ఫోన్ చేసినవాళ్లకు ఎప్పుడూ బిజీ టోనే. ఫోన్ లైన్లన్నీ సమాంతరమే అనే పాఠాన్ని సరిగ్గా నేర్చుకున్నవాళ్లే ఈ తప్పుల్లో ఎక్కువగా పడతారన్నది నా అభిప్రాయం. ఆ పాఠం తప్పు కాదు, సగమే. గదులు తమలో తాము సమాంతరం, గదుల గుంపు మొత్తం అలారంతో శ్రేణిలో ఉంటుంది.

నిజానికి ఫోనూ అలారమూ ఒకే తీగమీద బతకడం ఇప్పటి సంగతి కాదు. విద్యుత్తుతో పనిచేసే దొంగల అలారానికి 1853లో మసాచుసెట్స్‌లో అగస్టస్ పోప్ పేటెంటు తీసుకున్నాడు. 1857లో ఎడ్విన్ హోమ్స్ ఆ హక్కులు కొని వ్యాపారంగా పెంచాడు. గ్రాహం బెల్ పేటెంటు వచ్చిన మరుసటి ఏడాది, 1877లో, హోమ్స్ కొడుకు బోస్టన్‌లో బ్యాంకులకు వేసి ఉన్న అలారం తీగలకే టెలిఫోన్లు తగిలించి మొదటి ఎక్స్ఛేంజీల్లో ఒకటి నడిపాడు. ఆ తీగలు పగలు మాటలు మోసేవి, రాత్రి కాపలా కాసేవి. అంటే మొదట అలారం ఇంట్లోకి ఫోనే అతిథిగా వచ్చింది. బెల్ కంపెనీ బలపడ్డాక కథ తిరగబడింది. తమ లైనుకు ఇతరుల పరికరం ఏదీ తగిలించకూడదని ఆ కంపెనీ పట్టుబట్టింది. డల్లాస్‌కే చెందిన టామ్ కార్టర్, రేడియోను ఫోనుతో కలిపే తన కార్టర్‌ఫోన్ కోసం పోరాడి 1968లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ నుంచి అనుకూల తీర్పు తెచ్చుకున్నాకే ఇతరుల పరికరాలకు దారి తెరుచుకుంది. ఏ పరికరం లైనుకు ఎలా తగలాలో, ఊడినప్పుడు లైను ఎలా ఉండాలో చెప్పే రిజిస్టర్డ్ జాకుల పద్ధతి ఆ తర్వాతి దశాబ్దంలో వచ్చింది. మన జాక్ ఆ పద్ధతిలో పుట్టిన బిడ్డే.

ఇక వెతికే తీరు. గోడలు పగలగొట్టే ముందు ఇంటి బయట గోడకున్న బూడిదరంగు పెట్టె తెరవాలి. కంపెనీ బాధ్యత అక్కడితో సరి, లోపలి వైర్లు ఇంటివాళ్లవి. అందులో ఒక చిన్న పరీక్ష జాక్ ఉంటుంది. అందులోని ప్లగ్గు తీసి మామూలు ఫోను పెడితే డయల్ టోన్ వచ్చిందంటే కంపెనీవాళ్లు నిజమే చెప్పారు, లోపం లోపలే. ఆ ప్లగ్గు తీసి ఉంచినంతసేపూ లోపలి వైర్లలో కరెంటు ఉండదు కాబట్టి చేయి పెట్టడానికి అదే మంచి సమయం. 48 వోల్టులు పెద్ద ప్రమాదం కాకపోయినా, రింగు వచ్చినప్పుడు సుమారు 90 వోల్టుల ఏసీ వస్తుంది, అది గట్టిగానే జిల్లుమనిపిస్తుంది. తర్వాత అలారం ఉన్న చోట ఆ జాక్ కోసం చూసి, అందులో మిగిలిన ముక్కను లాగేసి, బయట ప్లగ్గు మళ్లీ పెట్టి చూడాలి. అయినా ఫోను రాకపోతే, ఏళ్ల తరబడి పైకెత్తి ఉన్న స్ప్రింగులు బిగువు కోల్పోయి పట్టీకి చేరుకోకపోతూ ఉండొచ్చు. అసలు జాకే లేకుండా నాలుగు వైర్లనూ నేరుగా పెట్టెలో స్క్రూలకు బిగించిన ఇళ్లూ ఉన్నాయి. ఈ రెండు సందర్భాల్లోనూ లోపలికొచ్చే జతను బయటికెళ్లే జతతో చేత్తో కలపాల్సిందే. అలారం తీగలో ఎరుపు, ఆకుపచ్చ లోపలికొచ్చేవి, గోధుమ, బూడిదరంగు గదులకు వెళ్లేవి అని సంప్రదాయం. రంగును నమ్మడం కంటే మల్టీమీటరును నమ్మడం మేలు: 48 వోల్టుల దరిదాపుల్లో చూపిస్తున్న జత వీధి లైను, ఏమీ చూపించనిది గదులది. ఒక జతలోని ఒక్కో వైరును రెండో జతలోని ఒక్కో వైరుతో విడివిడిగా కలపాలి. అటుదిటు అయితే మునిగిపోయేదేం లేదు, ఇప్పటి ఫోన్లలోని డయోడ్లు ఏ ధ్రువమైనా సర్దుకుంటాయి. తొలి తరం బటన్ల ఫోను ఉంటే మాత్రం డయల్ టోన్ వస్తుంది, మాట్లాడొచ్చు, బటన్ నొక్కితే శబ్దం రాదు. అప్పుడు ఆ రెండు వైర్లనూ తారుమారు చేస్తే సరి.

రాగి లైను వదిలేసి ఇంటర్నెట్ ఫోను పెట్టుకున్న ఇళ్లలో ఇదే తెగిన చోటు ఇంకోలా కనిపిస్తుంది. ఇంటర్నెట్ ఫోను పెట్టెను ఏ గదిలోని జాకుకు తగిలించినా గదులన్నీ తమలో తాము సమాంతరం కాబట్టి అన్నిచోట్లా ఫోను పలుకుతుంది, అలారం దగ్గర తెగిన సంగతి ఎవరికీ తెలియనే తెలియదు. అలాంటి ఇంట్లో ఎవరైనా ఆ తోక ముక్కను చూసి పీకేస్తే మాత్రం పట్టీలు కలుసుకుని, బయట కంపెనీ లైను ఇంకా బతికే ఉంటే దాని 48 వోల్టులు ఇంటర్నెట్ ఫోను పెట్టెలోకి వెనకనుంచి వచ్చి దాన్ని పాడుచేయగలవు. కాబట్టి ఆ ఇళ్లలో బయటి బూడిదరంగు పెట్టెలో లైనును పూర్తిగా ఊడదీసి, ఆ తర్వాతే అల్మారాలో చేయి పెట్టాలి.