చప్పుడు పోయిందని సంబరపడితే వాల్వు కాలుతుంది

పాత అంబాసిడర్‌కు టాపెట్ సందే ప్రాణం

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. అయినా నాన్నగారి బండి అని, తాతగారి బండి అని అమ్ముకోకుండా ఉంచుకున్నవారు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి బండి షెడ్డుకు వస్తే యజమాని తరచుగా చెప్పే ఫిర్యాదు ఒకటుంది: ఇంజను టకటకమంటోంది, ఆ చప్పుడు పోగొట్టమని. మెకానిక్ టాపెట్లు బిగించేస్తాడు. చప్పుడు పోతుంది. యజమాని సంతోషిస్తాడు. ముప్పు మొదలయ్యేది అక్కడే.

సందు ఎందుకు?

1959 నుంచి చాలాకాలం అంబాసిడర్‌కు అమర్చింది 1489 సీసీ పెట్రోలు ఇంజను. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. సిలిండరుకు రెండేసి: గాలి, పెట్రోలు లోపలికి రావడానికి ఒకటి, పొగ బయటికి పోవడానికి ఒకటి. వాల్వు కాడను పైనుంచి నొక్కేది రాకర్. ఈ రెంటికీ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. వేడికి కాడ సాగుతుంది. ఎండకు సాగుతాయని రైలు పట్టాల మధ్య సందు వదిలినట్లే ఇక్కడా వదులుతారు.

సందు లేకపోతే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. పొగ వాల్వు తన వేడిని సీటుకు దించుకునేది మూసుకున్న కాసేపే. ఆ అవకాశం లేక దాని అంచు కాలిపోతుంది. బండి మిస్సింగ్ కొడుతుంది, ఎత్తు ఎక్కదు, పెట్రోలు తాగేస్తుంది. చివరకు హెడ్ విప్పి వాల్వు మార్చాలి. సందు ఎక్కువైనా లాగుడు తగ్గుతుంది. కాని అది చప్పుడు చేసి చెబుతుంది. బిగుసుకున్న టాపెట్ చెప్పదు.

సీసం పోయాక

2000 సంవత్సరంలో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగింది. ఆరోగ్యానికి అది మంచిదే. అయితే పాత హెడ్లలో వాల్వు సీట్లు అరిగిపోకుండా ఆ సీసమే కాపాడేది. గట్టి సీట్లు వేయించని హెడ్‌లో ఇప్పుడు పొగ వాల్వు కొద్దికొద్దిగా సీటులోకి దిగుతుంది. ఆ మేరకు సందు తగ్గిపోతుంది. అందుకే చప్పుడు లేకపోయినా టాపెట్లు చూపిస్తూ ఉండాలి. ఎప్పుడైనా హెడ్ విప్పవలసి వస్తే గట్టి సీట్లు వేయించుకోవడం మేలు.

తొమ్మిది లెక్క

పని కష్టమైనదేమీ కాదు. ప్లగ్గులు తీస్తే ఇంజను తేలిగ్గా తిరుగుతుంది. టాపెట్ కవరు విప్పి, రేడియేటరు వైపు నుంచి వాల్వులకు 1 నుంచి 8 వరకు అంకెలు వేసుకోవాలి. హ్యాండిల్‌తో తిప్పుతూ 8వ వాల్వు పూర్తిగా కిందికి దిగినప్పుడు 1వ దానిని సరిచేయాలి. 7వది దిగినప్పుడు 2వది, 6వది దిగినప్పుడు 3వది. రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ 9 రావాలి.

లాక్ నట్టు వదులుచేసి, ఫిల్లర్ గేజి రేకును సందులో పెట్టి స్క్రూ తిప్పాలి. రేకు కాస్త పట్టుకుంటూ జారాలి. నట్టు బిగించాక మళ్లీ చూడాలి. బిగింపులోనే కొలత మారిపోతుంటుంది. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే ఈ సందు సుమారు 15 భాగాలు. సరైన కొలత, అది వేడి మీద చూడాలా చల్లారాక చూడాలా అన్నది బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

పొలంలోని ఆయిలింజనుకూ ఇదే సూత్రం, కొలత మాత్రం వేరు. కారైనా, ఇంజనైనా టాపెట్లు బిగించిన మెకానిక్‌ను గేజి పెట్టి చూశాడా అని అడగడం యజమాని పని.