స్నోమొబైలు బరువు తగ్గింపు

స్నోమొబైలు మంచుపై నడచు యంత్రవాహనము. ముందున్న స్కీలు దిశను మార్చగా, వెనుకనున్న రబ్బరు ట్రాకు బండిని ముందుకు నెట్టును. కెనడాలోని క్వెబెక్‌కు చెందిన జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ రూపొందించిన స్కీ-డూ 1959లో విపణిలోకి వచ్చినది. పాత బండ్లలో ఉక్కు భాగములు అధికము. లోతైన మెత్తని మంచులో బరువైన బండి కూరుకొనిపోయినచో, ఒంటరి ప్రయాణికుడు దానిని పైకి లాగలేక చలిలో చిక్కుకొనును. అందుచే బరువు తగ్గించుట భద్రతకు సంబంధించిన విషయము కూడా.

'''తగ్గించు విధానము'''

మొదట ఖర్చులేని పనులు చేయవలెను: నీరు పీల్చిన సీటు స్పాంజిని ఆరబెట్టుట, ట్రాకు లోపల గడ్డకట్టిన మంచును తొలగించుట. తాడు లాగి ఇంజనును ప్రారంభించగలిగి, బ్యాటరీ లేకున్నను నడచు బండ్లలో ఎలక్ట్రిక్ స్టార్టరును, బ్యాటరీని తీసివేయవచ్చును.

'''జాగ్రత్తలు'''

టూ-స్ట్రోక్ ఇంజనుకు తేలిక సైలెన్సరు అమర్చినచో గాలి, ఇంధనముల పాళ్ళు మారవచ్చును. ఇంధనము తగ్గినచో పిస్టను అతిగా వేడెక్కి బిగుసుకొనిపోవును. బ్రేకు, దీపములు, క్లచ్ కవచములను ఎన్నడూ తొలగించరాదు.